యాసిడ్‌కు నీడ ఉండదు

పదకొండూ ఇరవైకి ఉరుకుందప్ప ఆ ఫొటోను మూడోసారి తిప్పి చూశాడు. పక్క కుర్చీలో సీఐ జ్ఞానరాజు మూడోసారి చేతి గడియారం చూసుకున్నాడు. వీళ్లిద్దరిలో ఎవరి ఓపిక ముందు అయిపోతుందా అన్నట్టు బల్లకు అవతల డాక్టర్ హర్షిణి కూర్చుని ఉంది.

ఫొటోలో ఉన్నది చైతన్య మెడ. ఓర్వకల్లు బండల పక్కన కట్టిన ఈ ప్రైవేటు పరిశోధనశాలలో అతను రసాయన శాస్త్రవేత్త. వెలుతురు తగిలితేనే పనిచేసే క్యాన్సర్ మందును తయారుచేయడం అతనికీ హర్షిణికీ ఆరేళ్లుగా పని. పోయిన గురువారం మధ్యాహ్నం ల్యాబ్ వెనక బండ మీద ముఖం, మెడ, చేతులు ఉడికిపోయి దొరికాడు. మూడు రోజులు కర్నూలు ఆసుపత్రిలో ఉండి, ఒక్క మాట కూడా చెప్పలేక ఆదివారం కన్నుమూశాడు.

అతన్ని భుజాన వేసుకుని కిందికి తెచ్చిన వాచ్‌మన్ ఓబుళేశునే పోలీసులు పట్టుకున్నారు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే అదే. వాచ్‌మన్ గదిలో మరుగుదొడ్లు కడిగే యాసిడ్ సీసా దొరికింది. అంతకు రెండు రోజుల ముందు డ్యూటీలో కునుకు తీశాడని చైతన్య అతన్ని నలుగురిలో తిట్టాడు. సీసా ఉంది, పగ ఉంది, జ్ఞానరాజుకు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి ఓబుళేశును మేజిస్ట్రేటు ముందు పెడతాడు. ఆలోగా యాసిడ్ ఎట్లా పోశాడో బండ మీదే వాడి చేత చేయించి వీడియో తీయాలి. దానికి పన్నెండు గంటలకు ముహూర్తం పెట్టుకున్నాడు.

ఉరుకుందప్ప పోలీసు ఉద్యోగం ముప్పై నాలుగేళ్లు చేసి, రిటైరై, ఇప్పుడు కర్నూలులో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాడు. ఆ బోర్డు చూసి వచ్చేవాళ్లు తక్కువ. ఓబుళేశు భార్య తిరుపతమ్మ నిన్న పొద్దున వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా నిలబడింది. "మా ఇంటాయన కోడిని కోయల్లన్నా కండ్లు మూసుకుంటాడు సార్" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయింది. ఆ మాట ఆయన చెవిలోంచి పోవడం లేదు.

"ఇంగ ఎంతసేపు సార్? పాత అభిమానంతో అరగంట ఇస్తి," అన్నాడు జ్ఞానరాజు.

"అందులో ఇంగా పది నిమిషాలుండాయప్పా. ఈ మెడ చూడు." ఉరుకుందప్ప ఫొటోను అతని ముందుకు నెట్టాడు. "మెడంతా నల్లగా కమిలింది. నడుమ ఈ తెల్ల గీత ఏంది?"

"ఐడీ కార్డు తాడు."

"మణికట్టు కాడ?"

"వాచీ పట్టీ. ఐతే ఏంది?"

"యాసిడ్ నీళ్ల మాదిరి కారుతుంది. పట్టీ కిందికి దూరుతుంది. తాడును తడిపి, దాని కింద ఇంగా ఎక్కువ కాలుస్తుంది. ఈడ తాడు ఉన్న తావున చర్మం చెక్కుచెదరల్యా. చొక్కాకు ఒక్క బొక్క ల్యా. యాసిడ్‌కు నీడ ఉండదు జ్ఞానరాజూ. నీడ ఉండేది ఎండకే."

జ్ఞానరాజు నవ్వాడు. "ఎండకే మనిషి చచ్చేటట్లయితే ఈ పొద్దుకు మన సీమలో ఒక్కడు మిగిలుండడు. మా నాయన డెబ్బై ఏండ్లు ఇదే ఎండలో వేరుశనగ బుడ్డల చేన్లో ఉన్న్యాడు. ఇంగా గట్టిగానే ఉండాడు."

ఆ మాటకు హర్షిణి కూడా కొంచెం నవ్వింది. ఉరుకుందప్ప ఆమె వైపు తిరిగాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. కళ్ల కింద నిద్రలేని చారలున్నాయి గానీ మాటలో తడబాటు లేదు.

"అమ్మా, మీ మందు సంగతి నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. నాది పదో తరగతి సైన్సు."

"రోగికి మందు ఇస్తాం. అది పోయి క్యాన్సర్ గడ్డలో చేరుతుంది. అప్పుడు గడ్డ మీద ఎర్ర లైటు వేస్తాం. వెలుతురు తగలగానే మందు చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను రెచ్చగొడుతుంది. ఆ గడ్డ లోపల్నుంచే కాలిపోతుంది." ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "మందు ఒక్కటే ఏమీ చేయదు. వెలుతురు ఒక్కటే ఏమీ చేయదు. రెండూ కలిస్తేనే."

"మందు గడ్డలో కాకుండా చర్మంలో ఉండిపోతే?"

ఆమె బల్ల మీది చేతులు వెనక్కి తీసుకుంది. "అది జరగకూడదనే కదా సార్ ఇన్నేళ్ల పని. అణువుకు ఒక్కో తోక తగిలించి చూస్తాం. ఒక తోక పెడితే గడ్డలో నిలవదు, ఇంకోటి పెడితే ఒంట్లోంచి పోదు. ముప్పై ఒక్కసార్లు మార్చినాం. ముప్పై ఒకటోది నాది. సూది కూడా అక్కర్లేదు, తాగితే చాలు. అరగంటలో రక్తంలో ఉంటుంది, ఒక్క రోజులో ఒంట్లోంచి పోతుంది. సోమవారం పన్నెండు మంది రోగులకు మొదలుపెడుతున్నాం."

ముప్పై ఒకటోది నాది అన్నప్పుడు ఆమె గొంతులో తల్లి గొంతు వినిపించింది. ఉరుకుందప్పకు అది నచ్చింది, భయం కూడా వేసింది.

"చైతన్య ప్రతి గురువారం బండెక్కేవాడంట?"

"లైట్ మీటరు పట్టుకుని పోయేవాడు. మిట్టమధ్యాహ్నం ఎండ ఎంతుందో కొలిచేవాడు. మందు తీసుకున్న రోగి ఇంటికి పోయినాక ఎంత ఎండకు ఓర్చుకోగలడో లెక్క కట్టాలి కదా."

ఆ రోజు వేళలు ఉరుకుందప్ప దగ్గర ముందే ఉన్నాయి. పొద్దున రాగానే జీపులో కూర్చున్న ఓబుళేశును అయిదు నిమిషాలు పలకరించాడు. బేడీల చేతులు ఒళ్లో పెట్టుకుని వాడు ఏడవకుండా చెప్పాడు: "పదకొండున్నరకు మేడమ్ సారుకు నన్నారి షర్బత్తు కలిపిచ్చింది సార్, ఐసు నేనే తెస్తి. పన్నెండుకు సారు పైకి పాయ, నేను కింద ఉంటి. రోంత సేపటికి మెడ గోక్కుంటా, 'చీమలు కుడ్తాండాయి రా' అన్న్యాడు. నేను పైకి పోయి చూస్తి. బండ మీద ఒక్క చీమ ల్యా సార్. అంతలోనే ఆయప్ప అరుపులు."

ఈ చీమల మాట రాసుకోవడానికి పోలీసు కాగితాల్లో చోటు దొరకలేదు.

హర్షిణి లేచింది. "ఎండన పడి వచ్చినారు. కొంచెం నన్నారి తాగండి," అంటూ లోపలి గదిలోకి వెళ్లి, ట్రేలో మూడు స్టీలు గ్లాసులతో తిరిగొచ్చింది. ట్రేను వాళ్ల ముందుకు చాపలేదు. ఎవరి గ్లాసు వాళ్ల ముందు తనే పెట్టి, మూడోది తను తీసుకుంది.

ఉరుకుందప్పకు నన్నారి అంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. డాక్టరు వద్దన్నది ఏదైనా ఎదురుగా పెడితే మనిషి ఎంతసేపు ఆగుతాడు? ఒక్క గుక్క తాగాడు. చివర్లో నాలుకకు చేదు తగిలింది. నన్నారి వేరు ఎక్కువ ఉడికిందేమో అనుకుని జేబురుమాలుతో పెదాలు తుడుచుకుని గ్లాసు పక్కన పెట్టేశాడు.

"తాగండి సార్, చల్లగా ఉంటుంది," అంది హర్షిణి.

"షుగరమ్మా. ఇది తాగితే మూడువందలు దాటుతుంది."

జ్ఞానరాజు అప్పటికే తన గ్లాసు ఖాళీ చేశాడు. "పారబోస్తారా ఏంది," అంటూ ఉరుకుందప్ప గ్లాసు అందుకున్నాడు.

హర్షిణి కుర్చీలోంచి సగం లేచింది. "సార్, అది ఆయన ఎంగిలి. మీకు ఇంకొకటి కలిపి తెస్తా."

"ఈయన ఎంగిలి నాకు కొత్త గాదు మేడమ్. నేను కొత్తగా ఎస్సైగా చేరినప్పుడు ఆర్నెల్లు ఒకే క్యారేజీలో తింటిమి." గటగటా తాగి గ్లాసు బోర్లించాడు. టైము పదకొండూ ముప్పై అయిదు.

హర్షిణి కూర్చుని, ఏమీ ఒలకని బల్లను కొంగుతో తుడిచింది. ఉరుకుందప్ప చూశాడు. ఎంగిలి పట్టింపు ఉన్న మనిషి కాబోలు అనుకున్నాడు. ఆ అనుకోవడానికి తర్వాత తనను తాను శానాసేపు తిట్టుకున్నాడు.

జ్ఞానరాజు టోపీ పెట్టుకుని లేచాడు. "ఇంగ పోతా. మీవాడు ఒప్పుకున్యాడు సార్, గ్లాసెడు నీళ్లు తాగినంత సులువుగా."

"నీ స్టేషన్‌లో నాలుగు దినాలుంటే నేను గూడా ఒప్పుకుంటా."

సీఐ ముఖంలో నవ్వు పోయింది. "మీకు రిటైరైనాక పేరు కావాల. నాకు కేసు తెగాల. మీ కాలంలో మీరు ఎంతమందిని కొట్టినారో నాకు తెల్దా? పక్కన నిలబడి చూసినోన్ని నేనే."

అది నిజమేనని ఉరుకుందప్పకు తెలుసు. "ఆ తప్పు నీకు నేర్పినందుకే ఈ పొద్దు ఈడికొస్తి," అన్నాడు నెమ్మదిగా. జ్ఞానరాజు వినిపించుకోనట్టు బయటికి నడిచాడు. రెండు నిమిషాల తర్వాత ఓబుళేశు, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఫోన్ పట్టుకున్న జీపు డ్రైవరు అతని వెనకే బండ దారి పట్టారు.

"ఆ లోపలి గది చూడొచ్చా?" అన్నాడు ఉరుకుందప్ప.

"డార్క్ రూము. చూడండి. పెద్ద లైటు మాత్రం వేయొద్దు," అంటూ హర్షిణి ఫోన్ మాట్లాడుకుంటూ వరండాలోకి వెళ్లింది.

గదిలో ఒక్కటే మసక ఆకుపచ్చ బల్బు. కిటికీలకు మందమైన నల్లగుడ్డ తెరలు. అరల నిండా చిన్న చిన్న సీసాలు, ఒక్కొక్కటీ వెండి రేకు కాగితంలో తాంబూలం పొట్లంలా చుట్టి ఉంది. వెలుతురు తగిలితే మందు చెడుతుందని ఇక్కడ ఎవరి చెయ్యి ఏ సీసా ముట్టుకున్నా ముందు రేకు చుడుతుంది. ప్రతిదాని మీదా నంబరూ తేదీ రాసిన చీటీ ఉంది.

గోడ వారగా ఎలుకల బోనులు. ఒక బోనుకు చైతన్య చేతిరాతతో అట్టముక్క వేలాడుతోంది. "31. మందు ఇచ్చినది ఏప్రిల్ 9. వెలుతురు చూపరాదు." ఈ రోజు మే 15. ఉరుకుందప్ప వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఒక్క రోజులో ఒంట్లోంచి పోయే మందైతే, ఐదు వారాలు దాటినా ఈ ఎలుకలను చీకట్లోనే ఎందుకు దాస్తున్నారు? పక్క బోను ఖాళీ. దాని అట్ట మీద ఒకటే ముక్క. "మే 6. కిటికీ దగ్గర పది నిమిషాలు. నాలుగూ పోయాయి." కింద లావు అక్షరాలతో, "18 సోమవారానికి ముందే అనుమతుల కమిటీకి చెప్పాలి."

అది రాసిన మరుసటి రోజే గురువారం.

ఫ్రిజ్ తెరిచాడు. అక్కడా అన్నీ రేకు చుట్టిన సీసాలే. వెనక వరుసలో ఒకటి పెద్దది. దానికీ రేకు ఉంది గానీ చీటీ లేదు. మూత తీసి వాసన చూశాడు. నన్నారి.

ఆ రేకును వేలితో తడిమాడు. నన్నారి పాకానికి ఊళ్లో ఎవరైనా రేకు చుడతారా? అంగట్లో అది ఎండలోనే వరసగా పేర్చి ఉంటుంది. ఇది చుట్టింది ఆలోచించి చేసిన పని కాదు. ఆరేళ్లు ఒకే పని చేసిన చెయ్యి, తల వేరే చోట ఉన్నా తన పని తాను చేసుకుపోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధే కాదు, కొలువులో అబ్బిన అలవాటు కూడా ఒక పట్టాన పోదు.

జేబులోంచి చిన్న ఊదారంగు టార్చి తీశాడు. అంగళ్లలో దొంగనోట్లు పట్టడానికి వాడేది. ఇట్లాంటి మందులు ఆ వెలుతురులో ఎర్రగా మెరుస్తాయని నిన్ననే ఆసుపత్రిలో ఒక చర్మవైద్యురాలు చెప్పింది. సీసా మూతి మీద వేశాడు. లోపల నిప్పు రాజుకున్నట్టు ఎర్రగా వెలిగింది.

మూడు అంగల్లో వెళ్లి బల్ల మీది గ్లాసులు తెచ్చాడు. సీఐ గ్లాసులో ఏమీ మెరవలేదు. హర్షిణి గ్లాసులోనూ ఏమీ లేదు. మూడోది, తనది, అంచు నుంచి అడుగు దాకా ఎర్రగా మెరిసింది. జేబురుమాలు తీశాడు. దాని మీద తన పెదాల గుర్తు కుంకుమబొట్టంత ఎర్రగా ఉంది.

ఆమె లేచింది ఎంగిలి అని కాదు. తనకు కలిపింది వేరే మనిషి గొంతులోకి పోతుంటే లేచింది. పదకొండూ ముప్పై అయిదు, పైన అరగంట. గోడ గడియారంలో పన్నెండూ మూడు.

జ్ఞానరాజుకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. మళ్లీ ఆగింది. వీడియో తీసేటప్పుడు ఫోన్ ఎత్తకూడదని అతనికి నేర్పింది తనే.

"ఎత్తరు," అంది వెనక నుంచి హర్షిణి.

గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కత్తీ లేదు, సూదీ లేదు. అలసిపోయిన పంతులమ్మలా ఉంది.

"మీరు తాగింది గుక్కెడే. ఎండ తగలకుండా ఈ గదిలో ఉంటే మీకేం కాదు. ఆయన తాగాలని నేను అనుకోలేదు సార్. చెప్పబోయినాను. వినలేదు."

"ఎండ సంగతి పట్టుకున్నానని నాకు పెట్టినావు. చైతన్యకు ఎందుకు పెట్టినావు?"

"నా మందును ఆపుతానన్నాడు. నాలుగు ఎలుకల కోసం." ఆమె ఎలుకల బోనుల వైపు చూసింది. "సోమవారం వచ్చే పన్నెండు మందికి ఇంకే దారీ లేదు. గడ్డ కరుగుతుంది, నేను చూసినాను. ఆ తర్వాత చీకట్లో ఉండమంటాం. చీకట్లోనైనా బతికుంటే చాలదా?"

"వాళ్లకు ఆ మాట చెప్పినావా?"

ఆమె రెండడుగులు ముందుకు వచ్చి, ఆయన చేతిలోని రేకు సీసా వైపు చూసింది.

"ఒక్కసారి ఆలోచించండి. ఇంకో పావుగంటలో సీఐ గారికీ అదే జరుగుతుంది. అదే బండ, అదే వేళ. ఓబుళేశు చేతులకు బేడీలుంటాయి, పక్కన ఇద్దరు పోలీసులుంటారు, వీడియో ఉంటుంది. యాసిడ్ అని ఇంకెవరూ అనరు. చుట్టూ ఫ్యాక్టరీలే కదా, బండలోనే ఏదో విషం ఉందంటారు. సాయంత్రానికి మీ ఓబుళేశు ఇంట్లో ఉంటాడు. మీరు చేయాల్సిందల్లా ఆ సీసా బల్ల మీద పెట్టి కూర్చోవడమే."

సిగ్గుపడాల్సిన సంగతే గానీ, ఆ లెక్క ఉరుకుందప్పకు ఒక్క క్షణం సరిపోయినట్టే కనిపించింది. తిరుపతమ్మ చెప్పిన మాట నిజమని తేలుతుంది. నాలుగు రోజులుగా ఒక అమాయకుణ్ణి కొట్టినవాడే ఆ అమాయకుడికి సాక్ష్యమవుతాడు. తను చెయ్యి ఎత్తనక్కర్లేదు, అడుగు వేయనక్కర్లేదు. ముప్పై నాలుగేళ్ల కొలువులో ఇంత సులువుగా తెగిన కేసు ఒక్కటీ లేదు.

తర్వాత ఆర్నెల్లు ఒకే క్యారేజీలో తిన్న రోజులు గుర్తొచ్చాయి. చారు తనకు పోసి, అడుగున మిగిలినదే తినే కుర్ర ఎస్సై గుర్తొచ్చాడు. ఈ రోజు కూడా వాడు తాగింది తన ఎంగిలే.

సీసాకు మూత బిగించి నడుముకు దోపుకున్నాడు. గ్లాసును జేబులో వేసుకున్నాడు. కిటికీకి ఉన్న నల్లగుడ్డను ఒక్క గుంజుతో పీకి తల మీదుగా కప్పుకున్నాడు. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడగానే హర్షిణి పరుగెత్తి ఎలుకల బోనుకు తన ఒళ్లు అడ్డం పెట్టింది.

"తలుపు తీసే ఉంది సార్," అంది అటు తిరిగే. "నేను ఆపను. ఎండే ఆపుతుంది."

వరండా దాటేసరికి వేడి ముఖానికి కొట్టింది. బండ మొదలు రెండు వందల అడుగుల దూరంలో ఉంది. ఉరుకుందప్ప గుడ్డ అంచులు గడ్డం కింద బిగించి పట్టుకుని పరుగెత్తాడు. అరవై ఒక్క ఏళ్ల మోకాళ్లు అడ్డం చెప్పాయి. ఇరవై అడుగులు పోయాక, గుడ్డను పట్టుకున్న కుడిచేతి వేళ్ల మీద సన్నగా చిమచిమ మొదలైంది. గుక్కెడుకే ఇట్లా ఉంటే గ్లాసెడుకు ఎట్లా ఉంటుందో ఆలోచించకూడదనుకున్నాడు.

బండ మీద అయిదుగురూ కనిపించారు. డ్రైవరు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. ఓబుళేశు చేతిలో ఖాళీ సీసా పెట్టారు. జ్ఞానరాజు టోపీ తీసి చంకలో పెట్టుకుని, ముఖం వీడియోలో బాగా పడేట్టు సూర్యుడికి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"జ్ఞానరాజూ, నీడకు రా," అని అరిచాడు ఉరుకుందప్ప. "టోపీ పెట్టుకో. ఆ నన్నారిలో మందు కలిపింది. కిందికి దిగు."

గాలికి మాటలు సగమే పైకి పోయాయి. జ్ఞానరాజు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కిందికి చూశాడు. పరుగెత్తే నల్ల ముసుగును చూసి అతనికి నవ్వాగలేదు.

"ఏం సార్ ఈ వేషం? కేసు ఆపడానికి ఇంగ బూచోని మాదిరి రావాల్నా?" అని, కానిస్టేబుళ్ల వైపు తిరిగాడు. "దావ ఇయ్యండప్పా పెద్దాయనకు. చూసుకోని ఎక్కండి సార్. ఈ బండ మీద చీమలు శానా ఉండాయి."

అంటూ మెడ గోక్కున్నాడు.

ఓబుళేశు చేతిలోంచి సీసా జారి పగిలింది. వాడు బేడీల చేతులతోనే మోకాళ్ల మీద వంగి, సీఐ బూట్ల చుట్టూ బండనంతా కళ్లతో వెతికాడు. ఒక్క చీమ కూడా లేదు.